బడి సమాచారము ఇంటికి చేరవలెను

తొలకరి వానలు కురిసినంతనే వజ్రకరూరు పొలములలో వజ్రములు వెదకుటకు జనులు బయలుదేరుదురు. బడులు తెరచునదియు జూన్ మాసముననే. కరవు వచ్చినపుడు కుటుంబములు బెంగుళూరు వంటి నగరములకు వలసపోవుటయు కలదు. ఇట్టి తరుణములలోనే 6, 7, 8 తరగతుల పిల్లల చదువు తెగిపోవు ప్రమాదమున్నది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నది. 14 ఏండ్ల లోపు బాలబాలికల పట్టిక నుంచుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల విధియని దాని 9వ సెక్షను తెలుపుచున్నది. 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. సభ్యులలో సగము మంది స్త్రీలు.

అయితే బిడ్డ బడికి సరిగా పోవుటలేదని తెలియని తల్లి ఏమి చేయగలదు? చదువురాని యింటికి కాగితము పంపిన చాలదు. కావున ప్రధానోపాధ్యాయునితో సంప్రదించి, నెలకొకసారి, కూలిపనులు ముగిసిన పిదప, రచ్చకట్ట వద్ద తల్లిదండ్రులను సమావేశపరచవలెనని సభ్యులకు మనవి చేయుచున్నాము. హాజరు, చదువు, భోజనము, త్రాగునీరు, దారిలో భద్రత—ఈ ఐదింటిని నోటిమాటగా వివరింపవలెను. ఒక బిడ్డ వెనుకబాటును నలుగురిలో చెప్పరాదు. ఇంటికి పోయి చెప్పవలెను. పిల్లలకు ఆపద కలిగినచో 1098కి ఫోను చేయవచ్చునని అందరికిని తెలుపవలెను. వలసపోవు కుటుంబమునకు బదిలీ పత్రము వెంటనే ఇప్పింపుడు; అది ఆలస్యమైనదని ప్రభుత్వ పాఠశాల చేర్చుకొనకుండరాదు.

వజ్రము దొరకుట ఒకరి అదృష్టము. బిడ్డ బడిలో నిలుచుట ఊరందరి పూనిక.