యాత్రికుని చేతికర్ర

ఉపనయన సమయంలో వటువు చేతికి ఒక దండాన్ని ఇస్తారు. ఆ దండం ఎంత పొడవుండాలో మనుస్మృతి రెండవ అధ్యాయం చెప్పింది. వర్ణాన్ని అనుసరించి ఒకరికి కేశాంతం వరకు, ఒకరికి లలాటం వరకు, మరొకరికి నాసిక వరకు ఉండాలని విధించింది. అది వంకర లేనిదిగా, బెరడుతో కూడినదిగా, నిప్పు తగలనిదిగా, చూసేవారిని భయపెట్టనిదిగా ఉండాలని కూడా చెప్పింది. వర్ణభేదం మాట అటుంచితే, ఆ విధిలో నన్ను ఆకర్షించిన అంశం ఒకటున్నది. కొలతను మూరలలోనో జానలలోనో చెప్పలేదు; పట్టుకొనేవాని శరీరాన్నే కొలబద్దగా చేసింది. ముప్పై ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన నేను రోగులకు చెబుతూ వచ్చినదీ ఈ సూత్రమే. అయితే నా ఇంట్లో మాత్రం దానిని పాటించలేదు.

మా అమ్మగారికి డెబ్బై నాలుగవ ఏట ఎడమ మోకాలు అరిగి నడక తడబడసాగింది. అటక మీద నాన్నగారి టేకు కర్ర ఉంటే దింపి, తుడిచి ఆమె చేతికిచ్చాను. నాన్నగారు ఆరడుగుల మనిషి. అమ్మగారు అయిదడుగులకు ఇంకా కొంచెం తక్కువ. ఆయన జ్ఞాపకంగా ఆమె దానిని సంతోషంగా పట్టుకున్నారు. నొప్పి ఎడమకాలిలో గనుక ఎడమచేతనే పట్టుకున్నారు. ఒక శనివారం ఆలయ ప్రాకారంలో అప్పుడే కడిగిన బండల మీద కర్ర జారి ముందుకు పోయింది. ఆమె పక్కకు పడిపోయారు. ఎడమ తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స, మంచం, వాకరు గడిచి మళ్ళీ కర్ర పట్టేసరికి అయిదు నెలలయింది. ఆ కర్ర పొడవు తప్పు, పట్టిన చేయి తప్పు, అడుగున ఉన్న రబ్బరు తొడుగు నున్నగా అరిగి ఉండటం మూడవ తప్పు. మూడింటినీ ఒక్క చూపులో గుర్తించగల చదువు నాకున్నది. చూడలేదు, అంతే. భక్తులలో కొందరైనా తమ ఇంటి పెద్దల కర్రను ఒకసారి పరిశీలిస్తారన్న ఆశతో ఈ పాఠం రాస్తున్నాను.

ముందుగా పొడవు. కర్ర పట్టేవారు నిటారుగా నిలబడి చేతులను పక్కలకు వదులుగా వేలాడవేయాలి. మణికట్టు దగ్గర ముడత ఎక్కడ ఉంటుందో కర్ర పిడి పైభాగం అక్కడికి రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా, అంటే 20 నుంచి 30 డిగ్రీల మేర వంగుతుంది. కర్ర పొడవైతే భుజం పైకి లేచి, మెడ నొప్పి పుట్టి, బరువు కర్ర మీదికి దిగదు. పొట్టిదైతే నడుము వంగిపోతుంది. వైద్యగ్రంథాలు ఈ కొలతను చెప్పులు లేదా బూట్లు వేసుకొని తీయమంటాయి. ఇది చదివి మనవారు పొరబడే అవకాశం ఉన్నది. ఆలయంలోనూ, కొండ మెట్ల మీదా మనం నడిచేది వట్టి పాదాలతో. చెప్పుల మడమ రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే, అది తీసిన క్షణంలో కర్ర అంత పొడవైపోతుంది. అందుచేత మెట్టు మెట్టుకు పొడవు మార్చుకొనే వీలున్న అల్యూమినియం కర్ర మన భక్తులకు అనువైనది. ఇంటి వీధికి ఒక రంధ్రం, గుడికి దాని కింది రంధ్రం. మార్చిన తరువాత మీట రంధ్రంలోకి పూర్తిగా దిగి చప్పుడు వినిపించిందా లేదా అన్నది చూసుకోవాలి.

ఇక ఏ చేత పట్టాలన్నది. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత పట్టాలి. ఇది వినగానే చాలామంది నమ్మరు. మా అమ్మగారూ మొదట నమ్మలేదు. కారణం తెలిస్తే నమ్మకం కుదురుతుంది. ఎడమకాలి మీద నిలిచి కుడికాలు ఎత్తినప్పుడు శరీరం కుడివైపునకు ఒరగబోతుంది. దానిని ఒరగనీయకుండా ఎడమ తుంటి పక్కనున్న కండరాలు బలంగా లాగి పట్టుకుంటాయి. ఆ లాగుడు కూడా తుంటి కీలు మీదనే పడుతుంది గనుక, ఒంటికాలి మీద ఉన్న ఆ క్షణంలో కీలు మోసేది మన బరువుకన్నా ఎంతో ఎక్కువ. కావడిలో ఒకవైపు బరువెక్కువైతే ఆ చివరను చేత్తో కాస్త ఎత్తి పట్టుకుంటారు; చేయి భుజానికి ఎంత దూరంగా ఉంటే అంత కొద్ది బలం చాలుతుంది. కుడిచేతి కర్ర చేసేది ఆ పనే. ఎడమచేతనే పట్టుకుంటే కర్ర కీలుకు మరీ దగ్గరవుతుంది. పైగా మనిషి ఆ వైపే ఒరిగి, తప్పించవలసిన కాలి మీదనే భారం వేస్తాడు. కర్రా, నొప్పి కాలూ కలిసి ముందుకు కదలాలి. తరువాత మంచి కాలు.

మెట్ల దగ్గర క్రమం మారుతుంది. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, ఆ వెనుక కర్ర, నొప్పి కాలు. దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు, ఆ తరువాత మంచి కాలు. శరీరాన్ని పైకి లేపే పనీ, కిందికి మెల్లగా దించే పనీ రెండూ మంచి కాలే చేయాలన్నది ఇందులోని కీలకం. పక్కన కమ్మీ ఉంటే ఒక చేత దానిని పట్టుకొని, రెండవ చేత కర్ర పట్టుకోవటం ఉత్తమం. అడుగున నాలుగు కాళ్ళుండే కర్ర పక్షవాతం నుంచి కోలుకొనేవారికి ఇంట్లో ఎంతో ఆసరా. అయితే మెట్టు వెడల్పు చాలక దాని రెండు కాళ్ళు గాలిలో ఉంటే అంతకన్నా ప్రమాదం లేదు. నాలుగూ ఒకేసారి నేలను తాకని చోట దానిని వాడకూడదు.

ఇంతవరకు చెప్పినది నొప్పి, నీరసం ఉన్నవారి సంగతి. కొండ ఎక్కే ఆరోగ్యవంతుల సంగతి వేరు. అలిపిరి మార్గంలో దాదాపు 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388. అలిపిరిలో గాలిగోపురం దాకా నిలువు ఎక్కుడు, ఆపైన చాలా దూరం సాపు నడక, చివరలో మోకాళ్ళ మెట్టు. 2023లో చిరుత భయం వల్ల తిరుమల తిరుపతి దేవస్థానం నడకదారి భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. అవి మృగభయం పోగొట్టటానికి. వాటి మీద శరీరభారం మోపవచ్చునని భావించరాదు.

కొండనడకకు ట్రెక్కింగ్ కర్రలు జతగా వాడాలి. ఒంటికర్ర నడకను ఒకవైపునకు లాగుతుంది. సాపు నేల మీద నిలిచి పిడి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో వంగాలి. మనిషి ఎత్తును 0.68తో గుణిస్తే దాదాపు ఆ పొడవే వస్తుంది. 160 సెంటీమీటర్ల వారికి సుమారు 109. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించుకొని, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. ఎక్కటం గుండెకు పరీక్ష అయితే దిగటం మోకాలికి పరీక్ష. వాలులో దిగేవారి మోకాలి మీది భారాన్ని కర్రల జత 12 నుంచి 25 శాతం దాకా తగ్గిస్తుందని 1999లో ఆస్ట్రియా పరిశోధకులు ప్రకటించారు. నడిచి ఎక్కి బస్సులో దిగే మన వాడుకను కొందరు తేలికగా మాట్లాడుతుంటారు; మోకాలు అరిగినవారికి నేను అదే సలహా ఇస్తాను.

కొనేటప్పుడు కార్బన్ కర్ర తేలిక, ఖరీదెక్కువ; విరిగితే ఒక్కసారిగా విరుగుతుంది. అల్యూమినియం ముందు వంగుతుంది, హెచ్చరిక ఇస్తుంది. పెద్దలకు రెండవదే మేలు. పొడవును బిగించటానికి తిప్పే మర కన్నా మడిచే మీట మంచిది. వేళ్ళ కీళ్ళు నొప్పి ఉన్నవారు మరను గట్టిగా బిగించలేరు, అది నడుస్తుండగా లోపలికి జారుతుంది. కర్రల కొనలో గట్టి లోహపు ముల్లు ఉంటుంది. అది మట్టికీ, కంకరకూ తగినది. రాతిమెట్ల మీద జారుతుంది, జనసమ్మర్దంలో పక్కవారి వట్టి పాదానికి గుచ్చుకుంటుంది. మెట్ల దారిలో దానికి రబ్బరు తొడుగు తప్పనిసరి. పిడి దగ్గరి పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చి పట్టుకుంటే బరువు మణికట్టు మీద పడి వేళ్ళు అలసిపోవు. గుంపులో మాత్రం పట్టీ తీసివేయటమే క్షేమం. పడబోతే కర్రను వదిలివేయగలగాలి.

అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, సింహాచలం గిరిప్రదక్షిణ 32. ఇవి ప్రధానంగా రోడ్డు నడకలు. జత కర్రలు చేతులను, భుజాలను కూడా నడకలో చేర్చుకుంటాయి. దానివల్ల గుండె వేగం కొంత పెరుగుతుంది గనుక హృద్రోగులు వైద్యుని అడిగి, ఇంటి దగ్గర కొద్ది దూరాలతో ఆరంభించాలి. అహోబిలంలో ఉగ్రస్తంభం వంటి బండరాళ్ళ దారికి మాత్రం నాకు మన గొర్రెల కాపరి వెదురు కర్రే ఇష్టం. ఛాతీ ఎత్తున ఉండే ఆ కర్రను ఎత్తుకు తగినట్టు చేయి జార్చి ఎక్కడైనా పట్టుకోవచ్చు. నీటిలో అడుగు వేసే ముందు లోతు కూడా చూసుకోవచ్చు.

ఏ కర్ర అయినా అడుగున రబ్బరు తొడుగును నెలకొకసారి తిప్పి చూడాలి. గీతలు చెరిగిపోయినా, ఒక అంచు అరిగినా మార్చాలి, ఖర్చు స్వల్పం. తల తిరుగుతున్నవారికీ, కాళ్ళు స్పర్శ కోల్పోయినవారికీ కర్ర ఇచ్చి ఊరుకోకూడదు, కారణం వైద్యునిచేత తెలుసుకోవాలి.

మా అమ్మగారు ఇప్పుడు కుడిచేత అల్యూమినియం కర్రతో శనివారం ఒక ప్రదక్షిణ చేస్తారు. నాన్నగారి కర్రను ఎవరికైనా దానమివ్వమని ఆమె కోరితే, మా వీధిలోని ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఈసారి ఆయనను ఆలయానికి వెళ్ళేటట్లు వట్టి పాదాలతో నిలబెట్టి మణికట్టు దగ్గర కొలిచాను. వడ్రంగిచేత ముందు ఒక అంగుళం ఎక్కువ ఉంచి కోయించి, కొత్త రబ్బరు తొడిగి నాలుగడుగులు నడిపించాను. తొడుగు మందం కూడా పొడవులో కలుస్తుంది గనుక మిగిలిన అంగుళంతో పాటు మరికొంత కోయించవలసి వచ్చింది.