రేడియో చుక్క, ఎక్స్‌రే చుక్క ఒకటేనా? కొవ్వూరు నుంచి సరిచూద్దాం

డిసెంబరు మధ్యలో రాత్రి పదింటికి గోష్పాద రేవులో దక్షిణంగా, ధవళేశ్వరం వైపు తిరిగి నిలబడండి. నేలకీ నడినెత్తికీ సగం ఎత్తున ఏమీ లేనట్టు కనిపించే చిన్న చోటొకటి ఉంది. అది ఫోర్నాక్స్ అనే నక్షత్ర మండలంలోది. ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకుని 1999లో అంతరిక్షానికి వెళ్లిన చంద్రా దూరదర్శిని అక్కడే మొత్తం 70 లక్షల సెకన్లు, అంటే 81 రోజులు చూపు నిలిపి 1008 ఎక్స్‌రే మూలాలను పట్టింది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో దూరదర్శిని అటే చూసి 883 మూలాలు పట్టింది. వీటిలో ఏది ఏదో తేల్చడమే మన పని.

విజియర్ సైట్‌లో రెండు జాబితాలూ ఉచితం. ఎక్స్‌రేది 2017 నాటి లువో బృందానిది, రేడియోది 2013 నాటి మిల్లర్ బృందానిది. టాప్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

రేడియో చూసిన మేర పెద్దది, ఎక్స్‌రే చూసింది అందులో సగం కూడా లేదు. బయట పడే రేడియో మూలాలను ముందే తీసేయండి. లేకపోతే ఎక్స్‌రే అసలు చూడని చోట "ఎక్స్‌రే లేదు" అని రాసుకుంటారు.

ఇప్పుడు జత కలపండి. హద్దు 2 ఆర్క్ సెకన్లు ఇవ్వండి. రూపాయి బిళ్లను నాలుగు కిలోమీటర్ల అవతల, గోదావరి దాటి రాజమండ్రి గట్టు మీద పట్టుకుంటే ఇక్కడికి ఎంత కనిపిస్తుందో, అదే ఒక ఆర్క్ సెకను. అలాంటి రెండు బిళ్లల వెడల్పు మన హద్దు. జతల స్థానాల మధ్య తేడాలన్నీ ఒకే పక్కకు ఒరిగితే ఒక జాబితాను అంతమేర జరిపి మళ్లీ కలపండి.

దొరికిన ప్రతి జతా నిజం కాదు. ఒక జాబితాను కావాలని ఒక ఆర్క్ నిమిషం పక్కకు జరిపి మళ్లీ కలపండి. అప్పుడు వచ్చేవన్నీ కాకతాళీయాలే. నాలుగు దిక్కులా జరిపి సగటు తీస్తే అసలు లెక్కలో ఎన్ని అబద్ధాలో తెలుస్తుంది. ఈ పని దాటేయకండి.

తర్వాత అలాడిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకాశపు బొమ్మలు కళ్లతో చూడండి. కొన్ని గెలాక్సీలు రేడియో వెలుగును రెండు పక్కలా దూరంగా చిమ్ముతాయి, ఎక్స్‌రే మాత్రం నడుమ నుంచి వస్తుంది. వాటిని 2 ఆర్క్ సెకన్ల హద్దు పట్టుకోలేదు.

దూరం తెలిసిన వాటికి వెలుగు లెక్కగట్టండి. ఎక్స్‌రే సెకనుకు ఒకటి పక్కన 42 సున్నాలన్ని ఎర్గులు దాటితే సాధారణంగా లోపల మేస్తున్న కృష్ణబిలం ఉన్నట్టు. రేడియో ఉండి ఎక్స్‌రే సన్నగా ఉంటే కొత్త నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీ కావచ్చు, దట్టమైన వాయువు కప్పేసిన కృష్ణబిలమూ కావచ్చు.

జత దొరకని రేడియో మూలాలను పారేయకండి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఒక్కో చోట రెండు మూడు ఎక్స్‌రే కణాలే పడి, వెనకాలి రొదలో కలిసిపోయి ఉండొచ్చు. చంద్రా చిత్రంలోంచి ఆ స్థానాల చుట్టూ చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదానిపై ఒకటి పేర్చి కలపండి. అంచుల్లో చంద్రా చూపు మసకబారుతుంది కాబట్టి మధ్యలో ఉన్నవాటితో మొదలుపెట్టండి. అన్నే ఖాళీ చోట్లను కూడా అలాగే పేర్చండి. మొదటి దొంతరలో నడుమ చుక్క తేలి, రెండోదాంట్లో తేలకపోతే, ఆ గెలాక్సీలు సగటున ఎక్స్‌రే ఇస్తున్నాయి.