పాత గార్డెన్ ట్రాక్టర్‌ను బాగుచేస్తున్నారా? చేయవలసినవి – చేయకూడనివి

అమెరికాలో 1961లో వచ్చిన ఇంటర్నేషనల్ కబ్ క్యాడెట్, 1963లో వచ్చిన జాన్ డీర్ 110 లాంటి గార్డెన్ ట్రాక్టర్లు ఇప్పటికీ పాత షెడ్లలో దొరుకుతున్నాయి. అక్కడ ఉంటూ, అలాంటిది ఒకటి కొని సెలవు రోజుల్లో సొంతంగా బాగుచేసుకోవాలనుకునే వారికి ఈ సూచనలు. చూడ్డానికి చిన్న బండే. అయితే సీటు దిగగానే ఇంజన్ ఆగిపోయే ఏర్పాటు లాంటివి ఆనాటి బండ్లలో చాలావాటికి లేవు. ఆ జాగ్రత్త మీరే పడాలి.

చేయవలసినవి

- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించి, పానా పట్టకముందే చదవండి.
- ఏ పనికైనా ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసి, ప్లగ్‌కు తగలకుండా పక్కకు కట్టేయండి. బ్లేడును చేత్తో తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు.
- బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ వైరు ముందు తీయండి, బిగించేటప్పుడు చివర బిగించండి.
- పాత పెట్రోలును ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, పెట్రోలు కోసమే తయారుచేసిన డబ్బాలోకి దించండి.
- దించిన పెట్రోలును, పాత ఆయిలును మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో అప్పగించండి.
- పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయండి. పైకి బాగున్నట్టు కనిపించే పాత రబ్బరు, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు తట్టుకోకపోవచ్చు.
- బండిని గట్టి చదును నేల మీదే లేపండి. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి, బరువును జాక్ స్టాండ్ల మీదికి దించండి.
- పాత పెయింటులో సీసం ఉందనే అనుకోండి. అమెరికాలో ఇళ్లకు వేసే సీసం పెయింట్లను నిషేధించిందే 1978లో. మీ బండి అంతకన్నా పాతది కావచ్చు.
- ఆ పెయింటును తడిపి మాత్రమే గీకండి. పీ-100 ఫిల్టరున్న మాస్క్ పెట్టుకోండి.
- పని దుస్తులను విడిగా ఉతకండి, స్నానం చేశాకే పిల్లలను దగ్గరికి తీసుకోండి. సీసం హాని పెద్దలకన్నా పసివాళ్లకే ఎక్కువ.
- బ్రేకు, క్లచ్ దుమ్మును తడిగుడ్డతో తుడవండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.
- బ్లేడు విప్పేటప్పుడు మందపాటి తొడుగులు వేసుకోండి, బ్లేడు తిరగకుండా చెక్క అడ్డం పెట్టండి.
- కరెంటుతో తుప్పు వదిలించే తొట్టిని ఆరుబయట పెట్టండి, దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది. చేయి పెట్టే ముందు ఛార్జర్ ఆపండి.
- మొదటిసారి స్టార్ట్ చేసే రోజు బండిని బయటికి తెచ్చి, న్యూట్రల్‌లో పెట్టి, బ్లేడును ఇంజన్ నుంచి విడదీయండి. పెట్రోలు మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండరును, మరో మనిషిని దగ్గర ఉంచుకోండి.
- విప్పిన బెల్టు కవర్లు, రేకు అడ్డాలు అన్నీ తిరిగి బిగించాకే పనిలోకి దింపండి.

చేయకూడనివి

- గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గరాజ్‌లో పెట్రోలు పని పెట్టుకోకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంట పాకి హీటర్ మంటను అందుకుంటుంది.
- తలుపు తెరిచే ఉందిగదా అని గరాజ్‌లో ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.
- జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. సిమెంటు ఇటుకల మీద నిలపకండి, అవి చెప్పకుండా పగులుతాయి.
- స్టార్టర్ టెర్మినళ్లను స్క్రూడ్రైవర్‌తో కలిపి స్టార్ట్ చేయకండి. గేరులో ఉంటే బండి మీ మీదికే వస్తుంది.
- కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోయకండి, మంట వెనక్కి తన్నవచ్చు.
- ఖాళీ అయిందని పెట్రోలు ట్యాంకుకు వెల్డింగ్ పెట్టకండి. మిగిలిన ఆవిరే పేలుతుంది.
- క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన భాగాలను వెల్డింగ్ చేయకండి, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.
- తుప్పు తొట్టిలో స్టెయిన్‌లెస్ స్టీలు వేలాడదీయకండి, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది.
- ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టి ఊడదీయకండి, పుల్లర్ వాడండి. బీట కనిపిస్తే మళ్లీ బిగించకండి.
- ఇంజన్ వేగం పెంచాలని గవర్నర్‌ను కదపకండి. ఈ ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే కోలర్ సింగిల్ సిలిండర్ ఇంజన్లకు నిమిషానికి 3,600 చుట్లే హద్దు. అది దాటితే పోతపోసిన ఫ్లైవీల్ ముక్కలై తూటాల్లా ఎగరవచ్చు.
- టైరు రిమ్ములో కూర్చోవడం లేదని 35 పీఎస్‌ఐకి మించి గాలి కొట్టకండి, పైన వంగి నిలబడకండి.
- టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ పెట్టకండి.
- తిరిగే బెల్టుల దగ్గరికి చున్నీ, వదులు చేతుల చొక్కా, ఉంగరాలతో వెళ్లకండి.
- హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పెయింటును మామూలు మాస్క్‌తో స్ప్రే చేయకండి. అందులోని ఐసోసయనేట్‌కు బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి. అది లేకపోతే పెయింటు పని షాపుకు ఇచ్చేయండి.
- లిన్‌సీడ్ నూనె, పెయింటు అంటిన గుడ్డలను కుప్పగా వదలకండి, వాటంతట అవే రాజుకోవచ్చు.
- ఇంజన్ వేడిగా ఉండగా పెట్రోలు నింపకండి.
- ఏటవాలు నేల మీద అడ్డంగా నడపకండి. బోల్తా పడితే కాపాడే చట్రం ఈ బండ్లకు లేదు.
- తాళం చెవి బండికి వదిలేయకండి.
- పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు కూడా తిప్పకండి. బండి బాగైన రోజున ఇంట్లో అందరూ అడుగుతారు, కాదనండి. ఒడిలోంచి జారిన బిడ్డ పడేది చక్రాల ముందు, బ్లేడు పక్కన.
- వెనక్కి తిరిగి చూడకుండా రివర్స్ గేరు వేయకండి. పిల్లలు పెరట్లో ఉన్నంతసేపూ బ్లేడు తిప్పకండి.