మోటారుకారులో పెట్రోలు వాసన: కారణములు, నివారణోపాయములు

హైదరాబాదునుండి బీజాపూరునకు పోవు రాజమార్గమున మొయినాబాదు, చేవెళ్ల యను నూళ్లు వరుసగా వచ్చును. మర్రిచెట్ల నీడకు పేరుగన్న యీ బాటపై నేడు కార్ల రాకపోకలు మిక్కుటము. కారును నడుపనేర్చినవారు పెక్కుమంది. దానికి కలిగిన లోపమును గుర్తింపనేర్చినవారు కొలదిమందియే. లోపమును తెలుపు సూచనలలో పెట్రోలు వాసన మిక్కిలి ముఖ్యమైనది. దానినిగూర్చి విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తెలిసికొనదగిన సంగతులను క్రమముగా వివరింతుము.

మొదట పెట్రోలు స్వభావమును తెలిసికొందము. మండునది ద్రవము కాదు, దానినుండి లేచు నావిరి. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము పెట్రోలు నిప్పంటుకొనుటకు చాలినంత యావిరిని విడుచును. ఇక మన యెండకాలపు మాట చెప్పనేల? గాలిలో నీ యావిరి నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్లవరకు కలిసియున్నచో ఒక్క నిప్పురవ్వ చాలును. అది గాలికంటె 3, 4 రెట్లు బరువైనది గనుక పైకి పోక నేలను ప్రాకి, గుంటలలోను షెడ్డు మూలలలోను నిలిచియుండును. కొంతదూరముననున్న పొయ్యిని గూడ చేరగలదు.

వంటగ్యాసునకు స్వతహాగా చెప్పదగిన వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై ఘాటైన పదార్థమును దానిలో కలుపుదురు. పెట్రోలు తన వాసనతో తానే మనల హెచ్చరించును. కాని మన ముక్కునకొక బలహీనత కలదు. ఒకే వాసనలో కొంతసేపున్నవానికి అది తెలియకుండ పోవును. చేవెళ్లలో నెక్కినప్పుడు ఘాటుగా తోచిన వాసన మొయినాబాదు చేరునప్పటికి లేనట్లుండవచ్చును. అంతమాత్రమున లోపము తీరినదని తలంపరాదు. అప్పుడే బయటనుండి వచ్చినవారిని పిలిచి యడుగవలెను. వారి మాటయే ప్రమాణము.

వాసన తోచిన వెంటనే చేయవలసిన పనులు: కారును బాటప్రక్కకు తీసి ఇంజను నాపవలెను. అందరును, ముందుగా పిల్లలు, దిగి దూరముగా పోవలెను. బీడీ, అగ్గిపుల్ల దరి చేరరాదు. కారణము తెలియువరకు తిరిగి ఇంజను తిప్పరాదు. షెడ్డులో వాసన వచ్చినచో తలుపులు తెరువవలెనే గాని విద్యుద్దీపపు మీటను నొక్కరాదు. ఆ మీటలో పుట్టు చిన్న రవ్వయే చాలును. మంట లేచినచో నీళ్లు చల్లిన ప్రయోజనము లేదు. పెట్రోలు నీటికంటె తేలిక గనుక నీటిపై తేలి మంటను మరింత దూరము కొనిపోవును. ఇసుక మేలు.

ఇక కారణమును వెదకు విధము. “వాసన ఎప్పుడు వచ్చుచున్నది?” యను ప్రశ్నకు సరియైన జవాబు దొరకినచో సగము పని తీరినట్లే.

మొదటిది, బంకులో పెట్రోలు పోయించిన పిమ్మట మాత్రమే వచ్చు వాసన. ట్యాంకు మూత సరిగా బిగియకపోవుట, దానిలోని రబ్బరు వలయము పగులుట, లేక అంచువరకు నింపుట దీనికి హేతువులు. భూమిలోని చల్లని తొట్టినుండి వచ్చిన 40 లీటర్ల పెట్రోలు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కినచో అర లీటరునకు మించి వ్యాకోచించును. దానికి చోటెక్కడిది? పంపు తనంతట తానాగిన పిమ్మట మరికొంచెము పోయుమని యడుగరాదు. అట్లు పోసిన పెట్రోలు, ఆవిరిని పట్టి యుంచుటకై కారులో నమర్చిన బొగ్గు డబ్బాలో చేరి దానిని పాడుచేయును.

రెండవది, రాత్రియంతయు నిలిపియుంచిన కారువద్ద తెల్లవారి వచ్చు వాసన. ట్యాంకో, గొట్టమో కారుచున్నదన్నమాట. సాయంకాలము కారుక్రింద తెల్లని అట్టను పరచి ఉదయమున చూడవలెను. నల్లని జిడ్డుమరక ఇంజను నూనెది. వాసన లేని తడి ఏసీ నుండి జారిన నీరు. పెట్రోలు త్వరగా నారిపోయి పలుచని మరకను, వాసనను మిగుల్చును. ఎలుకలు కొరికిన గొట్టములు గూడ నిట్లే కారును.

మూడవది, ఇంజను తిరుగుచున్నప్పుడు మాత్రమే వచ్చు వాసన. నేటి కార్లలో పెట్రోలు గొప్ప ఒత్తిడితో గొట్టములలో ప్రవహించును. ఇంజను ఆగియున్నప్పుడు కారని సన్నని పగులు తిరుగునప్పుడు చిమ్మును. పాత కార్లలోనైతే కార్బురేటరులోని సూదివంటి తలుపునకు మురికి యడ్డుపడి పెట్రోలు పొంగును. పెక్కు కార్లలో పెట్రోలు పంపు వెనుక సీటు క్రింద నుండును; దాని వలయము చెడినచో వాసన కారు లోపలికే వచ్చును.

నాలుగవది, పొగగొట్టమునుండి వచ్చు వాసన. పెట్రోలు ఒక పాలునకు గాలి సుమారు 14.7 పాళ్లు బరువున కలిసినచో పూర్తిగా మండును. పెట్రోలు హెచ్చైనను, ప్లగ్గు సరిగా రవ్వ నీయకున్నను మండని పెట్రోలు బయటికి వచ్చును. నల్లని పొగయు, మైలేజి తగ్గుటయు దీనికి సాక్ష్యములు.

మూతను, దాని వలయమును మార్చుట గృహస్థుడు చేసికొనవచ్చును. తక్కినవి అనుభవముగల మెకానిక్కు పనులు. చూచిన గురుతులను వరుసగా నాతనికి చెప్పినచో శ్రమయు ధనమును మిగులును. పగిలిన ట్యాంకునకు సబ్బు అదుముట, గొట్టమునకు గుడ్డ చుట్టుట మరమ్మతులు కావు. నీళ్ల గొట్టము పెట్రోలునకు పనికిరాదు. నేడు మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలుపుచున్నారు. పాత కార్ల రబ్బరు దానికి తగినది కాకపోవచ్చును గనుక తగిన గొట్టమును, క్రొత్త క్లిప్పులను వేయింపవలెను.

విద్యార్థులారా, గొట్టమును నోటపెట్టి పెట్రోలును పీల్చు నలవాటును విడువుడు. ఊపిరితిత్తులలో దిగిన కొద్ది పెట్రోలైనను ప్రాణాపాయకరము. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఒలికిన పెట్రోలును కాలువలోనికి కడుగరాదు. 1908లో మూసీ వరద వచ్చిన పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మించిరి. ఆ రెండును మొయినాబాదునకు దగ్గరనే యున్నవి. ఈ ప్రాంతపు వాగులు వాటికే నీరిచ్చును. ఇసుకతో నద్ది తీయుటయే మంచిది.

మరమ్మతు ముగిసిన పిమ్మట ఆ రాత్రియే అట్టను మరల పరువుడు. తెల్లవారి ఇంటిలోనివారిని గాక పొరుగువారిని పిలిచి వాసన చూడుమనుడు. అట్ట శుభ్రముగానుండి, వారు వాసన లేదని చెప్పిననాడే పిల్లలను కారెక్కింపుడు.