క్రాస్ అంటే ఏమిటి?

'క్రాస్' ఇంగ్లీషు మాట. రోడ్డు క్రాస్ చేయడమంటే దాటడం. రెండు రోడ్లు కలిసి దాటే చోటు క్రాస్ రోడ్డు. హైదరాబాదులో ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ అందరికీ తెలుసు.

బ్యాంకులో ఇంకో అర్థం ఉంది. మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అక్కకు జీతం చెక్కు ఇచ్చారు. చెక్కు మూలన రెండు ఏటవాలు గీతలు ఉన్నాయి.

"తప్పని కొట్టేసిండ్రా సారూ?" అని బ్యాంకులో భయంగా అడిగింది.

"కాదమ్మా. ఇది క్రాస్ చేసిన చెక్కు. డబ్బు చేతికి ఇవ్వం. నీ ఖాతాలో వేస్తాం" అన్నాడు గుమాస్తా.

ఈ నియమం 1881 నాటి చట్టంలోనే ఉంది. చెక్కు పోయినా, దొరికినవాడు కౌంటరులో నగదు తీసుకోలేడు. డబ్బు ఏ ఖాతాలో పడిందో తెలుస్తుంది.

ఆ రెండు గీతలు కొట్టివేత కాదు. కష్టార్జితానికి కాపలా.

మీరూ ఒక చెక్కు చూసి, గీతలు ఉన్నాయో లేదో చెప్పండి.