పనికి వెళ్ళే తల్లి – చంటిబిడ్డకు పాలు



పాలు శుభ్రంగా తీయడం, చల్లగా ఉంచడం, వేళకు కేంద్రానికి చేర్చడం గురించి ఈ పుటల్లో చాలా పాఠాలు చదువుకున్నాం. ఈ నెల పాఠం మన క్యాన్లలోకి రాని పాలను గురించి.

తెల్లవారుజామున పాడి పని, ఆపైన పొలం పని, కొందరికి సంఘంలో పాలు కొలిచే పని. వీటివల్ల చంటిబిడ్డ తల్లి రోజూ నాలుగైదు గంటలు బిడ్డకు దూరం కావలసి వస్తున్నది. ఇంట్లో పాడి ఉన్నది గదా అని గేదెపాలలో నీళ్ళు కలిపి సీసాతో పట్టే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. ఈ అలవాటు మానుకోవాలి.

గేదెపాలు ఎందుకు పట్టరాదు?

గేదెపాలలో వెన్న 6 నుండి 8 శాతం, మాంసకృత్తులు సుమారు 4 శాతం. తల్లిపాలలో వెన్న సుమారు 4 శాతం, మాంసకృత్తులు ఒక శాతానికి అటూ ఇటూ. మన ధరల పట్టికలో చూస్తే తల్లిపాలకు తక్కువ ధరే పడుతుంది. కాని దూడ త్వరగా ఎదిగే జీవి. బిడ్డ ఎదుగుదల నిదానం. చిక్కటి పాలలోని మాంసకృత్తులు, లవణాలు లేత మూత్రపిండాలకు భారమవుతాయి. నీళ్ళు కలిపితే బలం తగ్గుతుంది, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. ఇనుము కూడా చాలదు.

బిడ్డకు పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. 6 నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదు. ఆ తరువాత మెత్తని ఆహారంతోపాటు 2 ఏళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

పాలు పిండి ఉంచే పద్ధతి

పోలికకు మన్నించాలి. బెదిరిన గేదె చేపదని మనకు తెలుసు. తల్లికి కూడా కంగారులో పాలు చేపుకు రావు. కనుక చాటైన చోటు, కొంచెం తీరిక కావాలి. పనికి వెళ్ళడానికి రెండు వారాల ముందు నుండే అలవాటు చేసుకోవాలి.

1. మూత ఉన్న, వెడల్పు నోటి స్టీలు గిన్నెను కడిగి, పది నిమిషాలు నీటిలో మరిగించాలి.

2. చేతులు సబ్బుతో కడుక్కుని, నెమ్మదిగా కూర్చుని, బిడ్డను తలచుకుంటూ రొమ్మును మృదువుగా నిమరాలి.

3. బొటనవేలు, చూపుడువేలు నల్లటి వలయం అంచున చెరోవైపు ఉంచి, ముందు ఛాతీవైపు అదిమి, తరువాత దగ్గరకు నొక్కి వదలాలి. వేళ్ళ స్థానం మారుస్తూ అన్నివైపులా చేయాలి. మొనను లాగరాదు.

4. ఒక్కోవైపు మూడు నుండి ఐదు నిమిషాలు, మార్చి మార్చి, మొత్తం 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. మొదట చుక్కలే వచ్చినా నిరాశ పడరాదు.

పంపు వాడేవారు పాలు తగిలే భాగాలన్నీ ప్రతిసారీ కడగాలి. రబ్బరు బుడ్డి ఉన్న పంపు లోపల శుభ్రం కాదు, వద్దు.

పిండిన పాలు చల్లని నీడలో నాలుగు గంటలు నిలుస్తాయి. మండువేసవిలో అంతసేపు ఉంచరాదు, త్వరగా పట్టాలి. కరెంటు నిలకడలేని ఊళ్ళలో ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్క రోజులో వాడేయాలి. గిన్నెపై వేళ రాసి, ముందు తీసినవి ముందు పట్టాలి. మీగడ పైకి తేలడం సహజం, మెల్లగా కదపాలి. పొయ్యిమీద కాచరాదు, గిన్నెను వేడినీళ్ళలో ఉంచితే చాలు. ఉగ్గుగిన్నెతో పట్టాలి, సీసా వద్దు. మిగిలినవి పారబోయాలి.

పాలు తగ్గకుండా

తీసినకొద్దీ ఊరడం పాల ధర్మం. వెళ్ళేముందు, రాగానే, రాత్రివేళ బిడ్డకు రొమ్ము ఇవ్వాలి. దూరంగా ఉన్నప్పుడు మూడు గంటలకొకసారి పిండాలి. పిండక నిలవ ఉంచితే రొమ్ము గట్టిపడి, వాపు, జ్వరం రావచ్చు. అటువంటప్పుడు కూడా పాలు తీయడం ఆపక, వెంటనే డాక్టరుకు చూపించాలి. మొదట నేర్చుకోవడానికి నర్సు, ఆశా కార్యకర్త సాయపడతారు.

పాలకవర్గం బాధ్యత

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ద్వారా వచ్చి, 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కూడా ఉన్న హక్కు ఇది: బిడ్డకు 15 నెలలు నిండేవరకు ఉద్యోగిని అయిన తల్లికి, మామూలు విరామంతోపాటు, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 26 వారాలైంది. పదిమంది కూడా లేని మన చిన్న సంఘాలలో అనేకం ఈ చట్టం కిందికి రాకపోవచ్చు. అయినా తీర్మానం చేయడానికి అడ్డేమీ లేదు. పాలు కొలిచే తల్లికి అరగంట బదులు మనిషిని పెట్టడం, కేంద్రంలో ఒక మూలకు తెర కట్టి కుర్చీ, నీళ్ళు, సబ్బు ఏర్పాటు చేయడం సంఘానికి బరువు కాదు. పాలు పోయడానికి వచ్చే బాలింతను వరుసలో ముందుకు పంపితే ఖర్చే లేదు.

సీసా అలవాటు ఎక్కువగా ఇంట్లో పెద్దల చేతిమీదుగా నడుస్తుంది. కనుక ఈ పాఠాన్ని తల్లులకే కాక అత్తగార్లకు, మగవారికి కూడా సంఘ సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాం.