ముందు ఎనిమిదితో భాగించండి

నేను టెలిఫోన్ శాఖలో చేరిన రోజుల్లో టెలిప్రింటర్ సెకనుకు 50 బిట్లు పంపేది. ఆ వేగంతోనే చావు కబుర్లూ పెళ్లి కబుర్లూ ఊళ్లు దాటాయి. 2004లో ప్రభుత్వం కనీసం 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2023లో ఆ హద్దును 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో 100 ఎంబీపీఎస్ పెట్టించుకున్నవాళ్లు కూడా "అంకుల్, నెట్ స్లో" అంటూ తలుపు తడతారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరస పెట్టాను.

1. బిట్టు వేరు, బైటు వేరు

కంపెనీవాళ్లు వేగాన్ని బిట్లలో చెప్తారు. ఫోనూ కంప్యూటరూ ఫైలు సైజును బైట్లలో చూపిస్తాయి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు దిగేది మహా అయితే 12.5 మెగాబైట్లు. ఒక జీబీ సినిమాకు 80 సెకన్లు పడుతుంది, అదీ అన్నీ కలిసొస్తే. "వందన్నాడు, పన్నెండే చూపిస్తోంది" అని గొడవకు దిగేముందు ఎనిమిదితో భాగించండి. చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి.

2. పనికి ఎంత కావాలో లెక్కేసుకుని కొనండి

డిజిటల్ ఎక్స్ఛేంజీల్లో ఒక మనిషి గొంతుకు మేం 64 కేబీపీఎస్ కేటాయించేవాళ్లం. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాస్తే వచ్చే లెక్క అది. కుదించే పద్ధతులు వచ్చాక మాటకు అంత కూడా అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలంటుంది. రెండు గదుల్లో రెండు టీవీలు 4కేలో ఆడినా 30 దాటదు. 300 ప్లాన్ కొన్నంత మాత్రాన బొమ్మ అంతకన్నా బాగా రాదు.

యూపీఐ చెల్లింపులో అటూ ఇటూ తిరిగే సమాచారం చాలా తక్కువ. అక్కడ చక్రం తిరుగుతూ కూర్చుంటే సిగ్నల్ అయినా తెగుతూ ఉండాలి, బ్యాంకు సర్వర్ అయినా మెల్లగా ఉండాలి. ప్లాన్ పెంచితే తీరే జబ్బు కాదది. మళ్లీ నొక్కేముందు డబ్బు పోయిందో లేదో చూసుకోండి.

3. స్పీడ్ టెస్ట్‌లో రెండో అంకె కూడా చూడండి

డౌన్‌లోడ్ ఒకటి, అప్‌లోడ్ ఒకటి. పాత రాగితీగ బ్రాడ్‌బ్యాండ్‌లో అప్‌లోడ్‌కు కావాలనే తక్కువ వాటా ఇచ్చేవారు, జనం పంపేదానికన్నా దించుకునేదే ఎక్కువని. మొబైల్ నెట్‌లోనూ మామూలుగా అంతే. వీడియో కాల్‌లో మనవడి ముఖం మీకు శుభ్రంగా కనిపిస్తూ, మీ ముఖం వాడికి గళ్లుగళ్లుగా కనిపిస్తోందంటే ముందు అనుమానించాల్సింది మీ అప్‌లోడ్‌నే.

4. వేగం పెరిగినంత మాత్రాన ఆలస్యం తగ్గదు

బస్సుకు సీట్లు పెంచితే ఎక్కువమంది ఎక్కుతారు గానీ విజయవాడ ముందుగా రాదు. ఎంబీపీఎస్ చెప్పేది సీట్ల సంఖ్య. ప్రయాణ సమయం వేరే లెక్క. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి దగ్గరదారిన కొలిచినా సుమారు 13,000 కిలోమీటర్లు. అంటే మాట వెళ్లి జవాబు రావడానికి ఎంత లేదన్నా 130 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున కేబుళ్లు చుట్టుతిరిగి పోతాయి, మధ్యలో యంత్రాలూ ఉంటాయి కాబట్టి అసలు ఆలస్యం ఇంకా ఎక్కువే. దీన్ని ఏ ప్లానూ తగ్గించలేదు.

విదేశీ కాల్స్ ఉపగ్రహం మీదుగా పోయిన రోజుల్లో ఇంకా కష్టం. సుమారు 36,000 కిలోమీటర్లు పైకెక్కి దిగాలి. మాటకు మాట అందాలంటే అర సెకను. అందుకే పాతవాళ్లు ఒకరు పూర్తిగా చెప్పి ఆగాకే రెండోవాళ్లు అందుకునేవారు. అమెరికాలో ఉన్న పిల్లలతో "నువ్వు చెప్పు", "కాదు నువ్వు చెప్పు" అని ఇద్దరూ ఒకేసారి మొదలెట్టే ఇళ్లలో ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

5. ఎక్కడ ఇరుకో కనిపెట్టండి

దారిలో ఎక్కడ ఇరుకైతే మొత్తం వేగం అంతే. చాలా ఇళ్లలో ఆ ఇరుకు గుమ్మం లోపలే ఉంటుంది. రౌటర్‌ను ఇనప బీరువా వెనక పెట్టి పడగ్గదిలో సిగ్నల్ లేదంటారు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది గానీ మెల్లగా ఉంటుంది, పైగా ఇరుగుపొరుగు రౌటర్లతో రద్దీ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలకే నీరసపడుతుంది. 200 ప్లాన్ తీసుకున్నా అంకె ఎప్పుడూ 95 దగ్గరే ఆగిపోతోందా? పాత రౌటర్ పోర్టు వందకు మించి మోయలేనిది అయ్యుంటుంది. కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి ఒకసారి, వైఫైలో ఒకసారి కొలిస్తే లోపం ఇంట్లోదో బయటిదో తేలుతుంది.

6. రాత్రి తొమ్మిదికి కొలవండి

తెల్లవారుజామున వచ్చిన అంకె చూసి మురిసిపోవద్దు. లైను నలుగురితో పంచుకునేది. వీధి అంతా సినిమా పెట్టుకున్న వేళ ఎంత వస్తుందో అదే మీ వేగం. ప్రకటనలో "వరకు" అన్న మాటనూ, డేటా కోటా అయిపోయాక ఎంతకు దించుతారన్నదీ చదవండి. 64 కేబీపీఎస్‌కు దించితే మూడు ఎంబీల ఫొటోకు ఆరు నిమిషాల పైనే.

7. పెద్ద మూటలకు వేరే దారి చూడండి

వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే అది కుదించే పంపుతుంది. ఆల్బమ్ వేయించాలనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి. పెళ్లి వీడియో 64 జీబీ ఉందనుకోండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఏడు గంటల పైన పడుతుంది. చుట్టాలు పక్క వీధిలోనే ఉంటే హార్డ్‌డిస్క్ చేతికిచ్చి రండి. అమెరికాలో ఉంటే పడుకోబోయే ముందు అప్‌లోడ్ మొదలెట్టి, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చి, చార్జర్ పెట్టి ఉంచండి.